డ్యూక్ 390కి టైర్లు: వెనకది ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

గచ్చిబౌలి_గేరు · హైదరాబాద్ · జూన్ 8, రాత్రి 10:40

అందరికీ నమస్తే. నాది 2019 కేటీఎం డ్యూక్ 390 బైకు. నిరుడు జూన్‌లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, అప్పుడు మీటరు 11,000. ఇప్పుడు 19,400. వారానికి మూడు రోజులు ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి, నెలకో రెండు నెలలకో ఒకసారి శ్రీశైలం, లేదంటే వికారాబాద్ అనంతగిరి. ట్రాక్ మొహం ఎప్పుడూ చూడలేదు గానీ ఘాట్‌లో కాస్త వంచి తోలడం ఇష్టం.

వెనక టైరు అయిపోయింది. మధ్యలో చపాతీ పీటలా బల్లపరుపుగా తయారైంది. మొన్న మొదటి వాన పడ్డ సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సిగ్నల్‌కి బ్రేక్ వేస్తే, తెల్లచారల మీద బండి ఆగకుండా ఒక బారెడు ముందుకు జారిపోయింది. లివర్ కింద టకటకమని ఏబీఎస్ (బ్రేకుకి చక్రం బిగుసుకుపోకుండా చూసేది) కొట్టుకుంది. పడలేదు గానీ, ముందున్న ఆటో వెనక రాసిన మాటలన్నీ చాలా దగ్గర నుంచి చదివాను.

ముందు టైరు బాగానే ఉంది. గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి.

నా డౌట్లు ఇవీ. వెనకది ఒక్కటే మారిస్తే చాలు కదా? 150 మి.మీ. వెడల్పు టైరు బదులు 160 వేయిస్తే గ్రిప్ పెరుగుతుందా? షాపతను పెరుగుతుందనే అన్నాడు. పిరెల్లీ రోస్సో 3 టైరు మీద మనసుంది. బడ్జెట్ పది వేల లోపు.

నల్లమల_బాటసారి · కర్నూలు · జూన్ 8, రాత్రి 11:15

బ్రో, ముందు బ్రాండ్ సంగతి పక్కన పెట్టు. గాలి ఎంత ఉంది?

గచ్చిబౌలి_గేరు · జూన్ 8, రాత్రి 11:22

నిండుగానే ఉంటుంది అన్నా, ప్రతి రెండు వారాలకీ పెట్రోల్ బంకులో కొట్టిస్తాను. గట్టిగానే ఉంది, నొక్కి చూశాను.

నల్లమల_బాటసారి · జూన్ 8, రాత్రి 11:30

నొక్కి చూసి చెప్పడానికి అది మామిడికాయ కాదు కదా. రేపు పొద్దున బండి తీయకముందే, చల్లగా ఉన్నప్పుడు, సొంత గేజితో చూడు. లేకపోతే ఒకటి కొనుక్కో, మంచి హెల్మెట్ వైజర్ కంటే తక్కువకే వస్తుంది. బంకు కుర్రాడికి కారయినా బైకయినా ఒకటే అలవాటు చేయి.

అరకు_మలుపు · విశాఖపట్నం · జూన్ 9, ఉదయం 7:05

నేనూ 390 మీదే తిరుగుతాను, ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కే ఘాట్ నా ఆదివారం. నా అభిప్రాయం చెప్తాను.

రోస్సో 3 వేసిన రోజు నుంచీ ఘాట్‌లో బండి రోడ్డుకి అతుక్కున్నట్టు ఉంటుంది, అందులో అబద్ధం లేదు. అయితే నాకు వెనకది 9 వేల కి.మీ. కూడా రాలేదు. నేను ఆఫీసుకి స్కూటీ మీద వెళ్తాను, డ్యూక్ ఆదివారాలకే. మీరు ఆ మెత్తటి రబ్బర్ని ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలి దాకా వారానికి మూడుసార్లు తిన్నగా అరగదీస్తే, ఘాట్‌కి వెళ్లేసరికి మధ్యలో మళ్లీ చపాతీ పీటే. అంచుల్లో రబ్బరు కొత్తగా మిగులుతుంది, దాన్ని వాడుకునే అవకాశం రాదు.

160 మాత్రం వద్దు. నేను చేసిన తప్పే అది. మన వెనక రిమ్ 4 అంగుళాలు. దాని మీద 160 కూర్చోబెడితే అంచులు లోపలికి నొక్కుకుని టైరు నడుం పొడుచుకొస్తుంది. అద్దాల షోరూము ముందు నిలబెడితే బాగుంటుంది. మలుపులో మాత్రం బండి మొదట బద్ధకంగా ఉండి, ఉన్నట్టుండి వాలిపోతుంది. రెండు నెలలకే తీసేశాను.

పాత_చైను · రాజమండ్రి · జూన్ 9, ఉదయం 8:20

అమ్మాయి చెప్పింది నిజం. దానికి లెక్క కూడా ఉంది. 150/60-17 అంటే వెడల్పు 150 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 90. రెండు వైపులా కలిపి 180, రిమ్ 431.8. మొత్తం 611.8 మి.మీ. అదే 160/60 అయితే 623.8. చక్రం దాదాపు 2 శాతం పెద్దదవుతుంది. వెనక స్ప్రాకెట్‌లో (చైను తిరిగే పళ్ల చక్రం) ఇంచుమించు ఒక పన్ను తీసేసినట్టే. ట్రాఫిక్‌లో పికప్ తగ్గుతుంది, చైను కవరుకీ టైరుకీ మధ్య ఖాళీ తగ్గుతుంది. ఇంత చేసి వచ్చేది ఏమిటయ్యా అంటే, ఫొటో.

వెడల్పు పెరిగితే గ్రిప్ పెరుగుతుందనే మాట మా ఆర్‌ఎక్స్ 100 రోజుల నుంచీ వింటున్నాను.

గచ్చిబౌలి_గేరు · జూన్ 9, ఉదయం 9:48

గేజి కొన్నాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి. ముందు 38, వెనక 42.

నల్లమల_బాటసారి · జూన్ 9, ఉదయం 9:55

😂 కంపెనీ మాన్యువల్ తీసి చూడు. ఒక్కడివే అయితే ముందూ వెనకా 2.0 బార్, అంటే 29 పీఎస్‌ఐ. వెనక మనిషి ఉంటే వెనక 2.2 బార్, 32. నువ్వు బెలూన్ల మీద తిరుగుతున్నావు. గాలి ఎక్కువైతే టైరు ఉబ్బి, రోడ్డుకి ఆనేది మధ్యలో రూపాయి బిళ్లంత. చపాతీ పీట ఎలా తయారైందో అర్థమైందా?

గచ్చిబౌలి_గేరు · జూన్ 9, రాత్రి 9:10

29, 29 పెట్టి ఆఫీసుకి వెళ్లొచ్చాను. బండి మారిపోయింది! ఖైరతాబాద్ దగ్గర గతుకులు నడుముకి తెలియలేదు. మరి ఇక వెనకది ఒక్కటి మార్చేస్తే అయిపోయినట్టేనా?

బెజవాడ_రబ్బరు · విజయవాడ · జూన్ 9, రాత్రి 10:30

టైర్ల షాపులో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

బ్రదర్, మీ మొదటి పోస్టు మళ్లీ చదవండి. జారింది బ్రేక్ వేసినప్పుడు. కొట్టుకుంది ముందు లివర్ కింద. బ్రేక్ వేస్తే బరువంతా ముందుకి వస్తుంది, బండిని ఆపేది ముందు చక్రమే. అయినా మీ కళ్లు వెనక టైరు మీదే ఉన్నాయి. ఇది మీ ఒక్కరి సంగతి కాదు, షాపుకి వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఇంతే. వెనకది అరగడం కంటికి కనిపిస్తుంది. ముందుది అంతగా అరగదు, గట్టిపడుతుంది. గట్టిపడటం కంటికి కనిపించదు.

ఒక పని చేయండి. ముందు టైరు పక్కగోడ మీద తడి గుడ్డతో తుడిచి, డాట్ (DOT) అనే అక్షరాలు వెతకండి. ఆ వరుస చివర నాలుగు అంకెలు ఒక చిన్న గుళిక ఆకారంలో ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఒక వైపు కనపడకపోతే రెండో వైపు చూడండి. తర్వాత బొటనవేలి గోరు టైరు బ్లాకులో, అంటే గాడుల మధ్య ఉబ్బెత్తు రబ్బరులో గుచ్చండి. గోరు దిగి, తీయగానే గుంట నెమ్మదిగా పూడుతుంటే రబ్బరు బతికుంది. చెప్పు అడుగున గుచ్చినట్టు గోరు జారిపోతే దాని పని అయిపోయింది. ఆ తర్వాత గాడుల అడుగున చూడండి, ఫోన్ లైటు వేసి. ఎండిన చెరువులో నెర్రెల్లాగా సన్నటి పగుళ్లుంటాయి.

గచ్చిబౌలి_గేరు · జూన్ 10, ఉదయం 6:50

4418.

గోరు దిగలేదు. పగుళ్లున్నాయి. ఇవన్నీ ఏడాదిగా నా కళ్ల ముందే ఉన్నాయి, రోజూ కడుగుతున్నాను దాన్ని.

బెజవాడ_రబ్బరు · జూన్ 10, ఉదయం 7:15

2018లో 44వ వారం. అక్టోబరు ఆఖరు, నవంబరు మొదలు. బండితో వచ్చిన మెట్జెలర్ అయి ఉంటుంది. మంచి టైరే, కానీ ఐదున్నరేళ్ల హైదరాబాద్ ఎండ తిన్నది. ఎండ, గాలిలో ఓజోన్, వేడి అన్నీ కలిసి రబ్బరులో మెత్తదనాన్ని లాగేస్తాయి. గాడి లోతుగా ఉంటే నీళ్లు పోతాయి, అంతే. రోడ్డుని పట్టుకోవాల్సింది రబ్బరే.

డబ్బులు ఒక్క టైరుకే ఉంటే, మీ విషయంలో ముందుదే మార్చమంటాను. వెనకది ఈ నెలాఖరుకి మార్చినా నష్టం లేదు, అరుగుదల గుర్తు దాకా రాకపోతే. గాడి మధ్యలో అడ్డంగా చిన్న దిమ్మ ఉంటుంది, పక్కగోడ మీద దాని దగ్గర త్రికోణమో టీడబ్ల్యూఐ (TWI) అనో ఉంటుంది. రబ్బరు ఆ దిమ్మతో సమానమైతే ఇక ఆ బండి తోలకూడదు.

పాత_చైను · జూన్ 10, ఉదయం 8:02

ఇన్నేళ్లు తోలాను, గోరు పరీక్ష ఎప్పుడూ చేయలేదు. ఇప్పుడే కిందకి వెళ్లి నా బుల్లెట్‌కి గుచ్చి వచ్చాను. ఫలితం చెప్పను.

హిల్_కంట్రీ_తెలుగోడు · ఆస్టిన్, టెక్సాస్ · జూన్ 10, ఉదయం 9:30

ఇక్కడ మాకూ ఇదే కథ, సైజులే వేరు. నాది యమహా ఎంటీ-07, ముందు 120/70, వెనక 180/55. వారమంతా తిన్నటి హైవే మీద ఆఫీసు, నెలకోసారి లీకీ ఊరు వైపు రాంచ్ రోడ్ 337. అది మన శ్రీశైలం ఘాట్‌లాంటిదే, కోతుల బదులు జింకలు అడ్డొస్తాయి. ట్రాక్ మీద వాడే మెత్తటి టైరు ఒక జత వేసి, హైవేకే దాన్ని తగలేశాక బుద్ధొచ్చింది. ఇప్పుడు మిషెలిన్ రోడ్ 6.

అది స్పోర్ట్ టూరింగ్ రకం, అంటే దూర ప్రయాణానికీ మలుపులకీ రెండిటికీ పనికొచ్చేది. దానిలో ఉన్న మజా ఏంటంటే, ఒకే టైరులో మధ్యన గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు పెడతారు. ఆఫీసు దారి మధ్య భాగం తింటుంది, మలుపులు అంచులు తింటాయి. పైగా సిలికా ఎక్కువ ఉండటం వల్ల చలిలో, తడిలో త్వరగా పట్టు వస్తుంది. మీ సైజులో రోడ్ 5 ఉంది. అపాచీ ఆర్‌ఆర్ 310కి కంపెనీవాళ్లు ఇచ్చింది అదే, ముందు 110/70, వెనక 150/60.

అరకు_మలుపు · జూన్ 10, మధ్యాహ్నం 1:12

రోడ్ 5 బాగుంటుంది, కాదనను. ధర చూస్తే జత కొనేసరికి ఆయన బడ్జెట్ ఘాట్ దిగిపోతుంది. మా గ్రూపులో ఇద్దరు అపోలో ఆల్ఫా హెచ్1 వాడుతున్నారు, రేడియల్ (లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిన్నగా అడ్డంగా నడిచే రకం). తడిలో రోస్సో అంత ధీమా ఉండదు గానీ, ఆ ఇద్దరూ మా వెనకే వస్తున్నారు, ఎక్కడా వదిలిపోవట్లేదు. ఎంఆర్ఎఫ్ స్టీల్ బ్రేస్ వేసినాయన కూడా ఒకరున్నారు, ఆయన టైరు గురించి మాట్లాడరు, మైలేజీ గురించే మాట్లాడతారు, కాబట్టి నాకు తెలియదు.

నల్లమల_బాటసారి · జూన్ 10, మధ్యాహ్నం 1:40

సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, చిత్తూరు వైపు చినపండూరులో అపోలో ఫ్యాక్టరీలున్నాయి. మనూరి టైరు కొను బ్రో, ఇటలీకి ఎందుకు డబ్బులు.

బెజవాడ_రబ్బరు · జూన్ 10, మధ్యాహ్నం 2:05

ఆ ఫ్యాక్టరీల్లో బైకు టైర్లే చేస్తారని మీకెవరు చెప్పారండి? ఊరు చూసి కాదు, పక్కగోడ చూసి కొనండి. 110/70 తర్వాత ఆర్ అని ఉంటే రేడియల్. గీత మాత్రమే ఉంటే మామూలు నైలాన్ రకం. మీ బండికి రెండూ రేడియల్ వచ్చాయి, రెండూ రేడియలే వేయండి. ముందు రేడియల్, వెనక నైలాన్ అని కలగాపులగం చేయొద్దు. యమహా ఎఫ్‌జెడ్, ఆర్15ల్లో ముందు మామూలుది, వెనక రేడియల్ కంపెనీయే ఇస్తుంది కదా అంటారు. అది వాళ్లు ఆ బండికి పరీక్షించి ఇచ్చింది. మనం షాపులో దొరికినవి కలిపితే ఆ లెక్క వర్తించదు.

సైజు పక్కన అంకె, అక్షరం కూడా చూడండి. 54 అంటే 212 కిలోలు మోస్తుంది, 66 అంటే 300. హెచ్ అంటే గంటకి 210 కి.మీ. వరకు, పి అంటే 150. మీ బండి 150 దాటి పోగలదు కాబట్టి పి రాసిన చవక టైరు ఎవరైనా అంటగడితే తీసుకోవద్దు. మీరు ఆ స్పీడు పోతారని కాదు, ఆ వేడిని తట్టుకునేలా కట్టింది కాదది.

ఇంకో మాట. షాపు ముందు ఎండలో దండలా వేలాడదీసిన టైరు వద్దనండి, లోపలి నుంచి తెమ్మనండి. తేదీ మీరే చదవండి.

గచ్చిబౌలి_గేరు · జూన్ 10, రాత్రి 8:30

అన్నా, మొదట వెళ్లిన షాపులో సరిగ్గా ఇదే జరిగింది. "కొత్త స్టాక్ సార్" అంటూ దుమ్ము దులిపి చూపించాడు. చదివితే 1521. మూడేళ్లు! అదేంటని అడిగితే "ఆ నంబరు బ్యాచ్ నంబరు సార్" అన్నాడు. నిన్నటిదాకా అయితే నమ్మేసేవాణ్ణి.

నైట్రోజన్ కొట్టించమని కూడా అన్నాడు. అవసరమా?

పాత_చైను · జూన్ 10, రాత్రి 8:44

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. అది ఊరికే ఇస్తున్నారు.

నల్లమల_బాటసారి · జూన్ 10, రాత్రి 9:20

నైట్రోజన్ వదిలెయ్. నీ వాడకం మీద నా తీర్పు: జత ఆల్ఫా హెచ్1 తీసుకో, మిగిలిన డబ్బుతో వానాకాలం గ్లవ్స్ కొను. నువ్వు ఘాట్‌లో వంచి తోలతానంటున్నావు, ఆ వెనక టైరు ఫొటో పెట్టు చూద్దాం. అంచున వాడని పట్టీ ఎంత ఉందో.

గచ్చిబౌలి_గేరు · జూన్ 10, రాత్రి 9:41

ఒక్కో వైపు రెండు వేళ్ల వెడల్పు. నవ్వకండి.

అరకు_మలుపు · జూన్ 10, రాత్రి 9:50

దాన్ని చికెన్ స్ట్రిప్స్ అంటారు, మీది ఫుల్ బకెట్. అందులో తప్పేం లేదు. మా ఘాట్‌లో కాఫీ తోటల నీడన పాచి పట్టిన మలుపులు ఉన్నాయి, అక్కడ అంచు దాకా వంచినవాళ్ల బూట్లు లోయలో ఉంటాయి. శ్రీశైలంలోనూ ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో బస్సుల డీజిల్ కారి ఉంటుంది కదా. అక్కడ మిమ్మల్ని కాపాడేది అంచు రబ్బరు కాదు, తడిలో ముందు చక్రం ఆగడం.

బెజవాడ_రబ్బరు · జూన్ 11, ఉదయం 7:30

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి, టీకి వెళ్లొద్దు. అంచుకి సబ్బునీళ్లో టైరు పేస్టో రాయాలి, గ్రీజు రాస్తే ఆపండి. పక్కగోడ మీద బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉండాలి. పసుపు చుక్క ఉంటే అది టైరులో అన్నిటికన్నా తేలికైన చోటు, వాల్వు దగ్గరికి రావాలి. వాల్వు కొత్తది వేయించండి, ఐదేళ్ల వాల్వుతో కొత్త టైరెందుకు. బ్యాలెన్సింగ్ తప్పనిసరి. ఏబీఎస్ రింగు మీద ఇనుప లివర్ ఆనించనివ్వకండి, వంగితే మీటరులో లైటు ఆరదు. వెనక చక్రం పెట్టాక చైను వదులు చూడండి. బండి కదిలే ముందు బ్రేకులు నాలుగైదుసార్లు నొక్కండి, ప్యాడ్లు వెనక్కి పోయి ఉంటాయి, మొదటి నొక్కుకి బ్రేకు పడదు. ఇది మర్చిపోయి మా షాపు ఎదురుగా ఉన్న చెరకురసం బండిలోకి వెళ్లినాయన ఉన్నాడు.

మొదటి 150 కి.మీ. నెమ్మదిగా. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, అది పోవాలి.

గచ్చిబౌలి_గేరు · జూన్ 23, రాత్రి 9:15

అప్‌డేట్. జతగా ఆల్ఫా హెచ్1 వేయించాను, ముందు 110/70, వెనక 150/60, రెండూ ఈ ఏడాదివే. బడ్జెట్ దాటింది, 160 ఆశ పోయింది కాబట్టి పెద్దగా బాధ లేదు. కుర్రాడు ముందు టైరు బాణం తిప్పే పెట్టాడు! పక్కన నిలబడ్డాను కాబట్టి ఆపాను. వాడు టైరు మళ్లీ ఊడదీస్తూ నన్ను చూసిన చూపు జన్మలో మర్చిపోను.

నిన్న శ్రీశైలం. పొద్దున ఆరింటికి మన్ననూరు అటవీ గేటు తెరవగానే లోపలికి వెళ్లాం. ఫర్హాబాద్ దాటాక సన్నగా వాన. నాకు తెలిసిన తేడా ఒక్కటే చెప్తాను. ఇదివరకు వంపులోకి వెళ్తుంటే బండి ఒక క్షణం ఆలోచించి, తర్వాత ఒక్కసారిగా పడినట్టు వంగేది. అది డ్యూక్ స్వభావం అనుకునేవాణ్ణి. వెనకది చపాతీ పీట కావడం వల్లనట! ఇప్పుడు చూపు పెట్టిన వైపు వెళ్తోంది. డ్యామ్ దిగువన ఒక మలుపులో కోతి పిల్ల అడ్డొచ్చింది, తడి రోడ్డు మీద బ్రేక్ వేశాను. ఏబీఎస్ ఒక్కసారి టక్‌మంది, బండి ఆగింది. తల్లి కోతి వచ్చి దాన్ని తీసుకుని నా వైపు చూసి వెళ్లింది.

చికెన్ స్ట్రిప్స్ ఇప్పుడు ఒకటిన్నర వేలు.

అరకు_మలుపు · జూన్ 23, రాత్రి 9:32

ఒకటిన్నర చాలు. పాత ముందు టైరు ఏం చేశారు?

గచ్చిబౌలి_గేరు · జూన్ 23, రాత్రి 9:36

షాపతను అడిగాడు, ఇంకా గాడులున్నాయి, ఎవరికైనా వేస్తానని. ఇవ్వలేదు. పక్కగోడ కోసి ఇంటికి తెచ్చాను, అమ్మ అందులో కరివేపాకు మొక్క పెట్టింది.

పాత_చైను · జూన్ 24, ఉదయం 6:10

బుల్లెట్‌కి ముందు టైరు ఆర్డర్ పెట్టాను. ఫలితం అడిగినవాళ్ల కోసం.

స్ప్లెండర్_సింహం · నల్గొండ · జూన్ 24, ఉదయం 11:48

థ్రెడ్ మొత్తం చదివాను, సూపర్ ఇన్ఫో. నా స్ప్లెండర్‌కి వెనక 140 వేయొచ్చా?

బెజవాడ_రబ్బరు · జూన్ 24, ఉదయం 11:52

ఏ థ్రెడ్ చదివారండీ?